ఆగిపోయిన నవలని ఇంకొకరికి ఇచ్చెయ్యొచ్చా?



మన గోడపత్రికలో వస్తున్న సీరియల్ నవల మూడు సంచికల నుంచి ఆగిపోయిన సంగతి అందరికీ తెలుసు. రాసే అన్న జ్వరం తగ్గక ఇంటికి వెళ్లిపోయాడు. "ఇంకెన్నాళ్లు చూస్తాం? బాగా రాసేవాళ్లు మనలో లేరా? ఎవరికో ఒకరికి అప్పగించేస్తే పోలా?" అని భోజనాల లైన్లో రోజూ గొడవే. వచ్చే ఆదివారం పత్రిక కమిటీ కూర్చుని తేలుస్తుందట. అందుకే ముందుగా నా అభిప్రాయం రాస్తున్నాను.

ఒకరు మొదలుపెట్టింది ఇంకొకరు పూర్తి చెయ్యడం తప్పని నేను అనను. మన తెలుగు భారతం ముగ్గురు రాసిందే కదా! 11వ శతాబ్దంలో నన్నయ రెండు పర్వాలు పూర్తి చేసి, మూడోదైన అరణ్యపర్వం మధ్యలో ఆపేశారు. 13వ శతాబ్దంలో తిక్కన విరాటపర్వం నుంచి అందుకుని 15 పర్వాలు రాశారు. మధ్యలో మిగిలిన ముక్కని 14వ శతాబ్దంలో ఎర్రన పూరించారు. ఆ ముక్కని ఆయన తన కాలపు రాజుకి అంకితం ఇవ్వలేదు. నన్నయ చేత భారతం రాయించిన రాజరాజనరేంద్రుడికే ఇచ్చారు. పని అందుకున్నవాళ్లకి ఉండాల్సిన మర్యాద అది.

ఇంగ్లీషు నవలల్లో కూడా ఇలాంటిది జరిగింది. అమెరికాలో రాబర్ట్ జోర్డాన్ అనే రచయిత 'ది వీల్ ఆఫ్ టైమ్' అనే పెద్ద నవలని 1990 నుంచి భాగాలుగా తెచ్చారు. 11 భాగాలు వచ్చాక జబ్బు చేసింది. ఆఖరి భాగం ఆలస్యమైంది. బతకనేమోనని తెలిసి, కథ ఎలా ముగియాలో ఇంట్లోవాళ్లకి చెప్పి, నోట్సు రాసి పెట్టి 2007లో చనిపోయారు. ఆయన భార్యే ఆ పుస్తకాలకి ఎడిటర్. ఆమె బ్రాండన్ శాండర్సన్ అనే కుర్ర రచయితని ఎంచుకున్నారు. ఒక్క భాగం అనుకున్నది మూడు భాగాలై 2013లో పూర్తయ్యింది. అట్టల మీద ఇద్దరి పేర్లూ ఉన్నాయి.

ఇంకో రకంగానూ జరిగింది. స్వీడన్ రచయిత స్టీగ్ లార్సన్ 2004లో హఠాత్తుగా చనిపోయారు. చెల్లుబాటయ్యే వీలునామా లేదు. హక్కులు తండ్రికీ తమ్ముడికీ వెళ్లాయి. 2015లో నాలుగో నవలని వేరే రచయిత చేత రాయించారు. లార్సన్‌తో ఎన్నో ఏళ్లు కలిసి బతికిన ఆమె మాత్రం వద్దని గట్టిగా చెప్పింది. ఆ గొడవ పత్రికలకెక్కింది. రాసినాయన ఏమనుకునేవాడో ఎవరూ అడగలేని స్థితి అది.

మనకి ఆ ఇబ్బంది లేదు. మన అన్న బతికే ఉన్నాడు. అడగొచ్చు. అడక్కుండా ఇచ్చెయ్యడమే నాకు నచ్చడం లేదు.

"మన ఊళ్లల్లో కథలకి ఓనరెవడు? తాత ఆపేస్తే అవ్వ అందుకుంటుంది" అని ఒక మిత్రుడు అన్నాడు. నిజమే. కానీ అవి ఊరంతటి కథలు. పైగా తాత పక్కనే కూర్చుని ఉంటాడు, తప్పు చెప్తే ఊరుకోడు. ఈ నవల ఒక మనిషి రాత్రిపూట స్టడీ అవర్ అయ్యాక కూర్చుని రాసుకున్నది.

ఇంకో మాట కూడా చెప్పాలి. జ్వరమని ఇంటికెళ్లి మళ్లీ రానివాళ్లు మనలో ఏటా ఉంటున్నారు. కొన్నాళ్లకి వాళ్ల చోటు ఇంకొకరికి ఇచ్చేస్తారు, పేరు రిజిస్టర్లోంచి పోతుంది. నవల కూడా ఇచ్చేశామని తెలిస్తే అన్న ఇక్కడికి దేనికి తిరిగొస్తాడు?

కమిటీకి నా సూచన ఇది. వాళ్ల ఊరివాళ్లు సంతకి వస్తారు. వార్డెన్ సారు దయచేసి మన ఉత్తరం వాళ్ల చేతికి పంపాలి. "రాయగలవా, ఆగమంటావా, ఇంకొకరికి ఇమ్మంటావా?" అని అడుగుదాం. ఇమ్మంటే ముగింపు ఏమిటో ఆయన్నే చెప్పమందాం, ఇద్దరి పేర్లూ వేద్దాం. ఆగమంటే ఆగుదాం. అందాకా ఆ చోట చిన్న కథలు వేసుకోవచ్చు.

ఆదివారంలోగా ఉత్తరం రాసేస్తాను. సంతకాలు పెట్టేవాళ్లు నా దగ్గరికి రండి.

– 9వ తరగతి విద్యార్థి