మీట తుపాకి మోజు సరే, గురి నేర్పే చోటేదీ?

సోమందేపల్లె: తిరునాళ్లలో జనం మూగే అంగళ్లలో బుడగలు కాల్చే అంగడి ఒకటి. గాలి తుపాకి గొట్టాన్ని కిందికి వంచి, సీసపు గుండు పెట్టి, మళ్లీ సరిచేసి, ఒంటికన్ను మూసి గురిచూసే కుర్రవాళ్ల ఉత్సాహం అంతా ఇంతా కాదు. బుడగ పగిలితే ఈలలు, తప్పితే నవ్వులు.

ఈ మోజుకు సినిమా కూడా ఒక కారణం. 1971లో కృష్ణ నటించిన 'మోసగాళ్ళకు మోసగాడు' తెలుగువారికి కౌబాయిని పరిచయం చేసింది. ఇంగ్లీషు కౌబాయి చిత్రాలలో గుర్రపు రౌతు చేతిలో ఉండేది మీట తుపాకి, అనగా లివర్ రైఫిలు. ట్రిగ్గరు కింది మీటను ఒకసారి ముందుకు నెట్టి వెనక్కు లాగితే ఖాళీ తూటా బయటపడి కొత్తది లోపలికి వస్తుంది. అమెరికాలో 1860లో హెన్రీ రైఫిలు, 1873లో వించెస్టర్ రైఫిలు ఈ పద్ధతిలోనే వచ్చాయి. వించెస్టర్ 1894 నమూనా ఒక్కటే 70 లక్షలకు పైగా తయారైంది.

అంతకన్నా వేగంగా పేలే తుపాకులెన్ని వచ్చినా సరదాకు గురి కొట్టేవారు అక్కడ నేటికీ దీనిని వదలలేదు. ప్రతి గుండుకూ చెయ్యి పని చేయాలి. అందుచేత తొందర తగ్గి గురి మీద శ్రద్ధ పెరుగుతుంది. కుడిచేతివారికీ ఎడమచేతివారికీ ఒకే తీరుగా ఒదుగుతుంది. మన తిరునాళ్ల తుపాకి వేరు రకమైనా దానిలోని ఆనందమూ ఇదే.

అయితే రైఫిలు ఇంట ఉంచుకునే ఆటవస్తువు కాదు. 1959 ఆయుధాల చట్టం ప్రకారం లైసెన్సు తప్పనిసరి. లైసెన్సు ఇచ్చే కారణాలలో పంట కాపలా ఒకటి, గుర్తింపు పొందిన రైఫిల్ క్లబ్బు సభ్యుల గురి సాధన మరొకటి. అడవిపందుల చేత వేరుశనగ చేను పోగొట్టుకున్న రైతు బాధ వేరు, కుర్రవాడి సరదా వేరు. రెంటినీ కలపరాదు. సరదా పేరిట కౌజులను, కుందేళ్లను కొట్టడం 1972 వన్యప్రాణి చట్టం కింద నేరం.

మరి ఈ సరదాకు దారి ఏది? గాలి తుపాకియే. గొట్టం వ్యాసం 4.5 మిల్లీమీటర్లు, శక్తి 20 జౌళ్లు మించని గాలి తుపాకికి 2016 నియమాల ప్రకారం లైసెన్సు అక్కరలేదు. ఒలింపిక్సులో 10 మీటర్ల దూరం నుంచి కొట్టవలసిన నడిబొట్టు అర మిల్లీమీటరు మాత్రమే, ఆవగింజకన్నా చిన్నది! హైదరాబాదులో పెరిగిన గగన్ నారంగ్ 2012 లండన్ ఒలింపిక్సులో ఈ పోటీలోనే కాంస్యం తెచ్చాడు. ఆ నగరపు ఈషా సింగ్ 2023లో జరిగిన హాంగ్‌ఝౌ ఆసియా క్రీడలలో పిస్తోలు పోటీలలో నాలుగు పతకాలు గెలిచింది.

అసలే కక్షల సీమ అని పేరుపడితే పిల్లలకు తుపాకి నేర్పడమా అని పెద్దలు సందేహించవచ్చు. సందేహం న్యాయమైనదే. కాని శిక్షణలో మొదటి పాఠం, గొట్టాన్ని మనిషి వైపు తిప్పరాదన్నదే. ఆ పాఠం సినిమా చెప్పదు, తిరునాళ్ల అంగడీ చెప్పదు. చెప్పేవారు లేనప్పుడే మోజు దారి తప్పుతుంది.

దీనికి లక్షలు పోయవలసిన పని లేదు. 10 మీటర్ల స్థలం, వెనుక గట్టి గోడ, నాలుగు గాలి తుపాకులు, దగ్గరుండి చూసే శిక్షకుడు ఉంటే మొదలు పెట్టవచ్చు. క్రీడాశాఖ అధికారులు, పాఠశాలల పెద్దలు కలిసి ఆలోచించాలి. వానలు లేక చేలు బీడుపడ్డ ఏడు కుర్రవాళ్లకు పని ఉండదు, పొద్దు పోదు. ఆ చేతులకు కక్ష నేర్పేవారికన్నా ముందు గురి నేర్పేవారు రావాలి.