సురభి నాటకానికి కొత్త హంగులు: పాత అభిమాని మాటా వినాలి

కడప జిల్లా చక్రాయపేట మండలంలోని సురభి గ్రామంలో 1885లో ఒక పెళ్లి సందర్భంగా 'కీచక వధ' నాటకం ఆడారు. అంతవరకు తోలుబొమ్మలు ఆడించి బతికిన మరాఠీ మూలాల కుటుంబం ఆనాడు తామే వేషాలు కట్టి రంగమెక్కింది. వనారస గోవిందరావు నడిపించిన ఆ సమాజం ఊరి పేరునే తన పేరుగా చేసుకొని, నూట నలభై ఏళ్లుగా ఆడుతూనే ఉన్నది. ఆడవేషాలు మగవారే కట్టే ఆ రోజుల్లో ఇంటి ఆడవారినే రంగస్థలం మీద నిలిపిన ఘనత కూడా సురభిదే.

ఇంత వయసు వచ్చిన ఆట మారకుండా ఉండదు. పెట్రోమాక్సు దీపాలు పోయి కరెంటు దీపాలు వచ్చాయి. మైకులు వచ్చాయి. తెల్లవార్లూ సాగిన నాటకం రెండు మూడు గంటలకు కుదించుకుపోయింది. 1990 దశకంలో ప్రఖ్యాత దర్శకుడు బి.వి.కారంత్ సురభి నటులకు తర్ఫీదు ఇచ్చి 'భీష్మ', 'చండీప్రియ' వంటి నాటకాలు చేయించారు. 2013లో సురభి ఫ్రాన్సు దేశంలోని మెట్జ్ పట్టణం దాకా వెళ్లి ఆడి వచ్చింది. ఆ ఏడాదే సురభి బాబ్జీగా పేరొందిన నాగేశ్వరరావుకు పద్మశ్రీ దక్కింది. 2022లో ఆయన కన్నుమూశారు.

ఇన్ని మార్పులు వచ్చినా అభిమానులకు తృప్తి లేదు. పద్యం కురచయిందని, రాగం తగ్గిందని పెద్దలంటారు. కథ నత్తనడక నడుస్తున్నదని కుర్రకారు అంటుంది. ఇద్దరి మాటలోనూ కొంత నిజమున్నది. అయితే అసలు తేల్చుకోవలసింది ఒకటే. ఏది మార్చినా సురభి సురభిగానే ఉంటుంది? ఏది మారిస్తే ఉండదు?

దీపం, మైకు, కుర్చీ, ఆట నిడివి ఇవన్నీ సౌకర్యాలు. వీటిని మార్చినంత మాత్రాన మునిగిపోయేదేమీ లేదు. పొద్దున్నే పొలానికి పోవలసిన రైతు తెల్లవార్లూ కూర్చోలేడు. కానీ నారదుడు మేఘాల్లోంచి దిగి రావడం, రెండు బాణాలు గాలిలో ఢీకొనడం, రంగం మీద నిప్పు లేవడం, ఇవి సౌకర్యాలు కావు. సురభికి ప్రాణం అక్కడే ఉన్నది. పైన తీగ ఉన్నదని చూసే ప్రతివాడికీ తెలుసు. అయినా నోరు తెరుచుకొని చూస్తాడు. ఎందుకంటే ఆ తీగను తెర వెనుక ఒక మనిషి లాగుతున్నాడు. వేళ తప్పితే బాణం తగలదు. ఆ పని ఎల్‌ఈడీ తెరకు అప్పగిస్తే అది సినిమా అవుతుంది. సినిమాతో పోటీపడి నాటకం గెలవలేదు. 1957 నాటి 'మాయాబజార్' చిత్రానికి 2010లో రంగులద్దినప్పుడు కథను, పాటలను, నటనను తిరగరాయలేదు. అందుకే జనం మళ్లీ చూశారు.

ఈ తగాదా ఒక్క నాటకానికే పరిమితం కాదు. కంప్యూటరులో వేషం కట్టి వేలమంది కలిసి ఆడే ఆటలున్నాయి. ఇంగ్లండులోని జాగెక్స్ కంపెనీ 2001లో తెచ్చిన 'రూన్‌స్కేప్' అటువంటిదే. కంపెనీ ఏటేటా కొత్త హంగులు చేర్చింది. 2012లో యుద్ధం చేసే పద్ధతినే మార్చివేయగా పాత ఆటగాళ్లు చాలామంది అలిగి వెళ్లిపోయారు. చివరకు 2013లో ఓటు పెట్టి, 2007 నాటి పాత ఆటను తిరిగి తెరిచారు. ఆ పైన అందులో ఏ కొత్తది చేర్చాలన్నా ఆటగాళ్లనే అడగసాగారు. మొదట్లో నూటికి 75 మంది సరేనంటేనే చేర్చేవారు. ఆ పాత ఆట నేటికీ నడుస్తున్నది. మార్పు వద్దని ఎవరూ అనలేదు. తమను అడిగి మార్చమన్నారు, అంతే.

అయితే అడిగించుకోవాలంటే అభిమాని కూడా ఎదురుగా ఉండాలి. పాతది పోయిందని వాపోయే పెద్దమనిషి టికెట్టు కొని నాటకం చూసి ఎన్నేళ్లయింది? ఒకప్పుడు ముప్పైకి పైగా ఉన్న సురభి సమాజాలు నేడు వేళ్ల మీద లెక్కించదగినన్ని మిగిలాయి. డేరా ఖాళీగా ఉంటే ఏ కుటుంబమూ కళను మాత్రమే నమ్ముకొని పిల్లలను పెంచలేదు. రాబడి లేని చోట మార్పు ఆగదు. అప్పుడది అభిమాని ఇష్టాన్ని చూసి రాదు, ఖర్చును చూసి వస్తుంది.

కనుక చేయవలసినవి రెండున్నాయి. సురభి ఏ నాటకానికైనా కొత్త హంగు దిద్దితే దానిని ముందు రాయలసీమలో ఆడి చూపాలి. శెనక్కాయ పంట ఇల్లు చేరిన తర్వాత కడప, కర్నూలు ప్రాంతాల్లో నాలుగు చోట్ల డేరా వేస్తే పల్లెజనం ఏది మెచ్చారో, ఏది మెచ్చలేదో అక్కడికక్కడే తెలిసిపోతుంది. బ్రహ్మంగారి మఠంలో ఆరాధన జరిగే రోజుల్లో వీరబ్రహ్మంగారి నాటకం ఆడితే అంతకు మించిన పరీక్ష ఉండబోదు. ప్రయాణం, డేరా ఖర్చుల్లో కొంత ప్రభుత్వ సాంస్కృతిక శాఖ భరించాలి. మిగిలినది ఊరి పెద్దలు టికెట్టు కొని భరించాలి, ఉచితంగా అడగరాదు.

పుట్టిన ఊరి జనానికి నచ్చిన మార్పు నాలుగు కాలాలు నిలుస్తుంది. ఆ ఊరు చూడకుండానే జరిగిపోయే మార్పుకు తర్వాత ఎవరిని నిందించీ ప్రయోజనం ఉండదు.