మేష్టారు కట్టిన ఇల్లు

క్రిస్టమసు వెళ్లిన ఆదివారం, అనగా 2025 డిసెంబరు 28న, మేము బెంగుళూరు ప్యాలెసు చూడబోయాము. మేమంటే మా దంపతులము, పక్కవాటా పిన్నిగారూను. ఆవిడ అనుమతి తీసుకునే యీ ముచ్చట వ్రాస్తున్నాము.

పిన్నిగారిది గుంటూరు. క్రైస్తవులు. కొడుకు మా ఎలక్ట్రానిక్ సిటీలోనే వుద్యోగి. యేటా క్రిస్టమసుకు గుంటూరు వెళ్లి, ఇంటికి సున్నం వేయించి, వాకిట్లో కాగితపు నక్షత్రం కట్టి, తమ గుళ్లో ఆరాధన అయితేగాని యిటు రాని మనిషి, యీయేడు కదలలేదు. అమ్మబోయే ఇంటికి సున్నమెందుకని ఆవిడే వూరుకున్నారు. నక్షత్రం యిక్కడ మూడో అంతస్తు వసారాలో వ్రేలాడింది. ఆ ఇల్లు అమ్మి యిక్కడ ఫ్లాటు కొనాలని కొడుకు పట్టు. కాగితాలన్నీ సిద్ధం, తల్లి సంతకమే తరువాయి. “మీ మాటంటే అమ్మకి గురి. మెల్లిగా చెప్పి చూడండి” అని మమ్మల్ని అడిగాడు. గుమాస్తాలకు సంతకాలు సంపాదించడం కొత్త పని కాదు గనుక సరేనన్నాము. ప్యాలెసు ఒక వంక.

2025 ఆగస్టు నుంచి పసుపు మెట్రో నడుస్తున్నది గనుక ఆర్.వి. రోడ్డు దాకా సుఖంగా పోయి, అక్కడ ఆకుపచ్చ మార్గం బండి ఎక్కి మెజిస్టిక్కులో దిగాము. అక్కణ్ణుంచి ఆటో. బేరం సంగతి వ్రాయము, పాఠకులు ఎరగనిది కాదు.

బురుజులు, గోడలకు పాకిన తీగెలు, ఇంగ్లండులోని విండ్సరు కోట పోలికలు, అన్నీ విన్నట్టే వున్నవి. ఆవరణ 472 ఎకరాలు. ఎలక్ట్రానిక్ సిటీకి కియోనిక్సువారు మొదట తీసుకున్న నేల 330 చిల్లర ఎకరాలే! ఒక ఇంటి దొడ్డిలో మా పేట మొదటి పరిశ్రమలన్నీ పట్టి ఇంకా మిగులుతుందన్నమాట. ఆ నేలను తీసుకోవడానికి రాష్ట్ర ప్రభుత్వంవారు 1996లో చట్టం చేయగా, వ్యాజ్యం సుప్రీం కోర్టు కెక్కింది. ఫైళ్లతో బ్రతికేవాళ్లం గనుక దానిమీద మాకు కొంచెం గౌరవం కలిగింది.

మేడ మెట్ల దగ్గర గోడకు బిగించిన పెద్ద ఏనుగు తల చూచి పిన్నిగారు “పాపం” అన్నారు. పైన దర్బారు హాలులో రంగుటద్దాల కిటికీలు చూచి, “మా గుళ్లోవి గుర్తొస్తున్నాయమ్మాయ్” అన్నారు మా ఇంటావిడతో. రాణివాసంవారు తెరచాటున కూర్చుని దర్బారు చూచే చోటు చూపితే, వారికి గాలి ఆడేదా అని అడిగారు. చిత్రపటాలు మేమే నిలబడి చూచాము. ఆవిడకు మోకాళ్ల నొప్పి. క్రింది ముంగిట్లో నీలిరంగు పింగాణీ బిళ్లలు తాపిన రాతిబల్ల మీద కూర్చున్నారు.

“ఇంతకీ ఎవరు కట్టించారు బాబూ, రాజుగారేనా?”

“కాదండీ, గారెట్ అనే పాదిరీ. యిక్కడి సెంట్రల్ హైస్కూలుకు మొదటి ప్రిన్సిపాలు. 1862లో మొదలుపెట్టాడు.”

“అయితే మేష్టరే!” అని ఆవిడ మొహం విప్పారింది. వారి ఆయన మిషను బడిలో మేష్టరు. గుంటూరి ఇల్లు ఆయన చిన్నచిన్న జీతంలోంచి గదికొక యేడు చొప్పున కట్టినది. ఆ గారెట్టే 1849లో భగవద్గీతను సంస్కృతం, కన్నడం, ఇంగ్లీషులతో యీ వూళ్లో అచ్చువేయించాడని చెబితే, పాదిరీగారా అని నవ్వారు.

“మరి రాజుగారి చేతికెలా వచ్చింది?”

“అమ్మాడండీ. 1873లో, నలభైవేలకు. పదేళ్ల చామరాజేంద్ర ఒడయరుకు సంరక్షకులుగా వున్న తెల్లదొరలు ఆ పిల్లవాడి సొంత సొమ్ముతో కొన్నారు.”

“అమ్మాక ఎప్పుడైనా వచ్చి చూచుకున్నాడా?”

మేము మాట తప్పించి రాజుగారి కథ ఎత్తుకున్నాము. 1881లో రాజ్యం చేతికి వచ్చింది. వాసుదేవాచార్యులను సంగీతానికి తిరువయ్యారు పంపింది ఆయనే. ఆచార్యులవారు తరువాత సంస్కృతంతోపాటు తెలుగులోనూ కీర్తనలు కట్టారు. రాజుగారు మాత్రం కలకత్తా వెళ్లి, అక్కడే 1894 డిసెంబరు 28న పోయారు. ముప్పయ్యొక్క యేళ్లు.

“ఇవాళే!” అన్నారు పిన్నిగారు. “వాళ్ల వూళ్లో కాదన్నమాట.”

సంతకం మాట నాలుక చివరనే వుంది. దించుకోలేకపోయాము. టీ తెస్తామని లేచాము.

తిరుగు మెట్రోలో ఆవిడే అన్నారు: “అబ్బాయి మీతో చెప్పించమన్నాడు కదూ?” మా ఇంటావిడ కిటికీలోంచి చూడసాగింది. “పెడతాను బాబూ. నేను పోయాక వాడు ఎలాగూ అమ్మేదే. ఒక్క క్రిస్టమసు ఆ ఇంట్లో చేసుకోనివ్వండి. ఆయన లెక్కలు వ్రాసుకున్న గోడ ఒకటుంది, దానికి మాత్రం సున్నం వేయించను. మీరిద్దరూ రావాలి.”

ఆ రాత్రి అబ్బాయికి చెప్పాము. కొనేవారు యేడాది ఆగరన్నాడు. ఫ్లాటు అప్పుకు వడ్డీ ఎంత, ఆ యేడాదికి అదనంగా పడేదెంత అని మేమే కాగితం మీద వేసి చూపాము. తక్కువేమీ కాదు. పొద్దున అతని తరఫున బయలుదేరిన వాళ్లం రాత్రికి ఆవిడ తరఫు వకీళ్లమయ్యామని మా ఇంటావిడ ఎత్తిపొడిచింది. అబ్బాయి కాగితం మడిచి జేబులో పెట్టుకుని, మాట్లాడక వెళ్లాడు.

ఇది వ్రాసేనాటికి సంతకం కాలేదు. వసారాలో నక్షత్రమూ దింపలేదు.