కనిపెట్టుకొని ఉందాం

ఉదయగిరి, ఆత్మకూరు మెట్ట రైతుకు ఎదురుచూడడం ఎవరూ నేర్పనక్కరలేదు. మబ్బు పట్టకముందే దుక్కి దున్ని, విత్తనాలు సిద్ధం చేసుకొని ఆకాశం వైపు చూస్తాడు. భక్తుడైన యాకోబు ఓర్పుకు మాదిరిగా చూపించింది ఇలాంటి వ్యవసాయకుణ్ణే (యాకోబు 5:7). వాన అతని చేతిలో లేదు, దుక్కి మాత్రం ఉంది.

ప్రియులారా, ప్రార్థనలో మనం ఈ సంగతి మరచిపోతుంటాం. కొడుకు ఉద్యోగం, కూతురి పెళ్లి, తీరని అప్పు, తగ్గని జబ్బు... మూడు శుక్రవారాలు ఉపవాసముండి, నాలుగో వారం ‘దేవుడు నా మొర వినలేదు’ అంటాం. గడువు పెట్టి అడగడానికి దేవుడు మనకు బాకీ పడలేదు.

మన సంఘాల చరిత్రనే చూడండి. శామ్యూల్ డే దొర 1840లో నెల్లూరు వచ్చారు. ఏళ్లు గడిచినా విశ్వాసులు కొద్దిమందే. 1853లో ఈ పని మూసివేద్దామా అని అమెరికాలోని మిషను పెద్దలు చర్చించుకున్నారు. 1854 జనవరి 1న జ్యూయెట్ దొర దంపతులు, ముగ్గురు తెలుగు విశ్వాసులు ఒంగోలు కొండ మీద మోకరించి, ఆ ఊరికి ఒక సేవకుణ్ణి పంపమని ప్రార్థించారు. ఒంగోలు అప్పట్లో నెల్లూరు జిల్లాలోనిదే. క్లౌ దొర అక్కడ స్థిరపడింది 1866లో. అంటే పన్నెండేళ్లకు!

1876-78 కరువులో క్లౌ దొర బకింగ్‌హామ్ కాలువలో కొంత భాగం గుత్తకు తీసుకొని, ఆకలిగొన్నవారికి పని ఇచ్చారు. జనం బాప్తిస్మం అడిగినా, కూటి కోసమేమోనని నెలల తరబడి ఆపారు. 1878 జూలై 3న వెల్లంపల్లి దగ్గర గుండ్లకమ్మలో ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం పొందారు. తరువాత 1885లో ఉదయగిరిలో, 1893లో ఆత్మకూరులో మిషను కేంద్రాలు వెలిశాయి.

డే దొర 1871లోనే కన్నుమూశారు. దున్నినవాడు ఆ పంట చూడలేదు. అయినా ఆయన కనిపెట్టిన కాలం వ్యర్థమైందా? ఈరోజు మన గుడుల్లో కూర్చున్న మనమే అందుకు జవాబు. వాగ్దాన ఫలం అనుభవించకుండానే, దూరం నుంచి చూచి సంతోషించిన విశ్వాసుల గురించి హెబ్రీ పత్రిక 11వ అధ్యాయం చెబుతోంది. మన ప్రార్థనల్లో కొన్నింటికి జవాబు మన పిల్లలు చూస్తారేమో!

కాబట్టి జవాబు రాలేదని ప్రార్థన మానకండి, ప్రార్థిస్తున్నామని పని మానకండి. జబ్బుకు మందు వాడండి. అప్పు కొంచెం కొంచెంగా తీర్చండి. మాట్లాడని అన్నదమ్ముల గడప మీరే ముందు తొక్కండి. వాన సంగతి ప్రభువు చూసుకుంటాడు, మన దుక్కి మనం దున్నుదాం. అట్టి ఓర్పు దేవుడు మనకందరికీ దయచేయును గాక!