45 హెచ్‌పీనా, 55 హెచ్‌పీనా? ముందు ఎకరాలు లెక్కపెట్టండి

మాచర్ల నుంచి సాగర్ వెళ్లే దారిలో ఎత్తిపోతల దగ్గర ఆగేవాళ్లు చంద్రవంక డెబ్బై అడుగుల పైనుంచి దూకే చోట ఫొటోలు దిగి వెళ్లిపోతారు. చుట్టుపక్కల చేలను చూసేవాళ్లు తక్కువ. ఒకచోట రాళ్లు తేలిన నేల, ఇంకాస్త పోతే నల్లరేగడి. కాలువ నీళ్లు అందినచోట వరి, అందనిచోట పత్తి, మిరప, కంది. ఇలాంటి చేలున్న ఇళ్ల నుంచే మీలో చాలామంది మాచర్ల, నరసరావుపేట, గుంటూరు కాలేజీలకు వచ్చారు. డిగ్రీయో బీటెక్కో అయిపోయి, ఉద్యోగం ఇంకా దొరకని ఆ ఏడాదిలో ఇంట్లో ఈ మాట వస్తుంది: “ఏరా, ట్రాక్టర్ తీసుకుందామా? ఎటూ ఖాళీగానే ఉన్నావు, నువ్వే తోలుకోవచ్చు. ఏది మంచిదో కాస్త ఫోన్లో చూడు.”

ఫోన్లో చూస్తే ఏం కనిపిస్తుంది? 55 హెచ్‌పీ బండి ముందు చక్రాలు గాల్లోకి లేపే వీడియోలు. ఊళ్లో అడిగితే 575, 744, 241 అంటూ నంబర్లు. ఒకాయన మహీంద్రా అంటాడు, ఇంకొకాయన స్వరాజ్ అంటాడు, మూడో ఆయన మాసీకి మించింది లేదంటాడు. నా అభిప్రాయం సూటిగా చెప్తాను. అయిదు నుంచి పదెకరాల సొంత పొలం ఉన్న పల్నాడు ఇంటికి 40-47 హెచ్‌పీ మధ్య బండి చాలు. కానీ ఏ హెచ్‌పీ అన్నది రెండో ప్రశ్న. అసలు కొనాలా, వద్దా అన్నది మొదటిది. దానికి జవాబు షోరూంలో దొరకదు, మీ ఊరి పొలాల్లోనే ఉంటుంది.

ఒక నోట్‌బుక్ తీసుకోండి. ఉదాహరణకు ఆరు లక్షలు అప్పు చేశారనుకుందాం. వడ్డీ 12 శాతం, అయిదేళ్లు, పంటల లెక్కన ఆర్నెల్లకో వాయిదా. ఒక్కో వాయిదా సుమారు 81,500 రూపాయలు అవుతుంది. పది వాయిదాలు కట్టేసరికి ఎనిమిది లక్షల పదిహేను వేలు. ఇప్పుడు రోటవేటర్ కిరాయి చూడండి. డీజిల్, డ్రైవర్ బత్తెం, బ్లేళ్ల అరుగుదల తీసేస్తే ఎకరానికి 500 మిగిలిందనుకోండి. ఒక్క వాయిదా కట్టాలంటే ఆర్నెల్లలో 163 ఎకరాలు దున్నాలి. మీ సొంతం అయిదెకరాలు మూడుసార్లు దున్నినా పదిహేనే. మిగతా నూటయాభై ఎకరాలు ఎవరివి?

ఆ నూటయాభై ఎకరాలూ ఆరు నెలల్లో తీరిగ్గా రావు. తొలకరి పడి నేల పదునెక్కిన నాలుగు రోజుల్లో ఊరంతా ఒక్కసారే ఫోన్ చేస్తుంది. ఆ నాలుగు రోజులూ పోతే బండి చెట్టు కింద ఉంటుంది. అందుకే ఊళ్లో ఇప్పటికే ఎన్ని ట్రాక్టర్లున్నాయో, వాటిలో కిరాయికి తిరిగేవి ఎన్నో లెక్కపెట్టండి. 2022లో మొదలైన యంత్రసేవ పథకం కింద రైతు గ్రూపులకు సబ్సిడీ మీద బండ్లు వచ్చాయి. అవీ మీకు పోటీయే. మీ 500 లెక్క కూడా నా మాట మీద వేసుకోవద్దు. కిరాయికి తోలే ఇద్దరు ముగ్గుర్ని అడగండి. “డీజిల్ పోను ఏం మిగులుతుంది బాబాయ్” అంటే పొలం గట్టు మీద కూర్చోబెట్టి మరీ చెప్తారు.

లెక్క కుదరకపోతే కొనకండి. కిరాయికి తోలించుకోవడం నామోషీ కాదు. లెక్క కుదిరితే అప్పుడు హెచ్‌పీ సంగతి.

బానెట్ మీద రాసేది ఇంజిన్ హెచ్‌పీ. రోటవేటర్‌ని తిప్పేది వెనకున్న పీటీవో షాఫ్ట్. అక్కడికి చేరేసరికి దాదాపు ఆరోవంతు తగ్గిపోతుంది. 45 అని రాసుంటే పీటీవో దగ్గర 38 అటూ ఇటూ. అడగాల్సింది ఆ అంకెనే. అయిదడుగుల రోటవేటర్‌కి 40-45 తరగతి సరిపోతుంది. ఆరడుగులది నల్లరేగడిలో లాగాలంటే 45 దాటితే నయం. తొమ్మిది పళ్ల గొర్రుకైనా, ట్రక్కుకైనా ఇంతకు మించి మనకు పనిలేదు.

మరి 55 ఎందుకు వద్దు? 2023 జనవరి నుంచి 50 హెచ్‌పీ దాటిన ట్రాక్టర్లకు ట్రెమ్-4 అనే కొత్త కాలుష్య నిబంధనలు వచ్చాయి. దాంతో ఆ తరగతి ఇంజిన్లలోకి ఎలక్ట్రానిక్స్ వచ్చి చేరాయి. పొగ తగ్గడం మంచిదే. కానీ ధర పెరిగింది. సెన్సర్ ఆగితే మన ఊరి మెకానిక్ స్పానర్‌తో పని జరగదు, స్కానర్ పట్టుకుని కంపెనీ మనిషి రావాలి. చాలా మోడళ్లు సరిగ్గా 50 దగ్గరే ఎందుకు ఆగుతాయో దీన్నిబట్టి అర్థం చేసుకోవచ్చు. ఫోర్ వీల్ డ్రైవ్ కూడా అంతే. కాలువ కింద దమ్ము చేసే పని ఎక్కువుంటే దాని విలువ దానిదే. మెట్టలో పత్తి, కంది వేసే ఇంటికి అది దండగ ఖర్చు.

ఇంకో సంగతి సేల్స్‌మన్ చెప్పడు. మిరప, పత్తి మొక్కలు ఎదిగాక సాళ్ల మధ్య కలుపు తీయడానికి 45 హెచ్‌పీ బండి పట్టదు. అక్కడ అరక గుంటకో, 20-28 హెచ్‌పీ చిన్న ట్రాక్టరో, పవర్ వీడరో కావాలి. “బండి కొన్నాం, ఎద్దులు అమ్మేద్దాం” అని నాన్న అంటే ఈ మాట గుర్తు చేయండి.

ధరల విషయానికొస్తే, 2025 సెప్టెంబరు 22 నుంచి ట్రాక్టర్లపై జీఎస్టీ 12 నుంచి 5 శాతానికి తగ్గింది. ట్రాక్టర్ టైర్లు, విడిభాగాలపై 18 నుంచి 5కి వచ్చింది. కొటేషన్ చేతికివ్వగానే పన్ను గడి చూడండి. రంగు, బ్రాండ్ కన్నా మాచర్లలోనో నరసరావుపేటలోనో సర్వీసు ఎంత త్వరగా దొరుకుతుందన్నది ముఖ్యం. పదునులో బండి రెండ్రోజులు ఆగితే ఆ సీజన్ వాయిదా ఆగినట్టే.

ఇదంతా మన చదువుకు సంబంధం లేనిది అనుకునేవాళ్లకు ఒక మాట. అనంతపురం జిల్లా గార్లదిన్నెలో కేంద్ర ప్రభుత్వ వ్యవసాయ యంత్రాల శిక్షణ, పరీక్షా సంస్థ ఉంది. ట్రాక్టర్ ఎంపిక, నడపడం, మరమ్మతు నేర్పుతారు. డీలర్ల దగ్గర, ట్రాక్టర్ లోన్లిచ్చే ఫైనాన్స్ కంపెనీల్లో, సర్వీసు సెంటర్లలో ఇంటర్వ్యూకి వెళ్లినప్పుడు, “మా ఊళ్లో కిరాయి లెక్క ఇదీ, వాయిదా ఇలా తీరుతుంది, ఇక్కడ తీరదు” అని సొంత నోట్‌బుక్ చూసి చెప్పగలిగే కుర్రాడు, అమ్మాయి ఎంతమంది ఉంటారు? బయోడేటాలో “గుడ్ కమ్యూనికేషన్ స్కిల్స్” అని రాసేవాళ్లు మాత్రం వందల్లో ఉంటారు.

ఒక హెచ్చరిక కూడా. మిరప కోతలప్పుడు ట్రక్కులో కూలీలను ఎక్కించుకెళ్లమని అడుగుతారు, డబ్బులూ వస్తాయి. ఆ లెక్క మాత్రం నోట్‌బుక్‌లో రాసుకోకండి. 2020 మేలో ప్రకాశం జిల్లా నాగులుప్పలపాడు మండలంలో మిరప కోసి ఇంటికి వస్తున్న కూలీల ట్రాక్టర్ కరెంటు స్తంభాన్ని ఢీకొట్టింది. తెల్లారి బయల్దేరిన ఆడవాళ్లు తిరిగి రాలేదు. ట్రక్కు ఉన్నది సరుకుకే. అందులో ఎక్కిన మనుషులకు బీమా వర్తించక ఇంటివాళ్లు కోర్టుల చుట్టూ తిరిగిన కేసులు ఎన్నో.

చివరికి రెండు మోడళ్ల దగ్గర ఆగారనుకోండి. డెమో షోరూం ముందున్న చదును నేలలో వద్దని చెప్పండి. బండిని మీ చేనుకే రమ్మనండి. అన్నిటికన్నా రాళ్లున్న చెక్కలో, మీరు వాడబోయే రోటవేటర్ తగిలించి, ట్యాంకు అంచుదాకా నింపి, కొలిచిన ఎకరం దున్నించండి. మళ్లీ అంచుదాకా నింపితే ఎన్ని లీటర్లు పట్టిందో రాసుకోండి. మర్నాడు రెండో బండితో పక్క చెక్కలో అదే పని. స్టీరింగ్ దగ్గర మీరే కూర్చోండి. నాన్నని గట్టు మీద నిలబడి దుక్కి లోతు చూడమనండి.