బిగుతు చూడండి, ధర తర్వాత

సంపాదకులకు,

బయటి రొద వినపడకూడదంటే నాయిస్ క్యాన్సిలేషన్ ఉన్న ఖరీదైన ఇయర్‌ఫోన్లే శరణ్యమని మీ వ్యాసకర్త తేల్చేశారు. ఒప్పుకోను. ఆ ఏర్పాటు బస్సు ఇంజను గురగుర లాంటి, ఒకే తీరున సాగే బొంగురు మోతను బాగా తగ్గిస్తుంది. హారన్లు, పక్క సీటు కబుర్లు దానికంతగా లొంగవు. వాటిని అడ్డుకునేది చెవి రంధ్రాన్ని మూసే సిలికాన్ బుడిపె. తీగ ఉన్న చవక రకాల్లోనూ చాలావాటికి మూడు సైజుల బుడిపెలు ఇస్తారు. మనవాళ్లు తొడిగి వచ్చినవే వాడి, బాస్ రాలేదని విసుక్కుంటారు. చెవిని కాస్త పైకి, వెనక్కి లాగి దోపి చూడండి, తేడా అక్కడికక్కడే తెలుస్తుంది. ఒక చెవికి పెద్దది, రెండోదానికి చిన్నది పట్టినా వింతేం లేదు.

రొద తగ్గితే వాల్యూమూ తగ్గించొచ్చు. ప్రపంచ ఆరోగ్య సంస్థ పెద్దలకు చెప్పిన హద్దు 80 డెసిబెల్స్, వారానికి 40 గంటలు. చిలకలూరిపేట బస్సులో వదులు ఇయర్‌ఫోన్‌తో పాట వినబోతే అది దాటడం ఎంతసేపు?

ఒక్కటి మాత్రం నిజం: ఇయర్‌ఫోన్లు రక్షణ సాధనాలు కావు. మా గ్రానైట్ యూనిట్లలో కటింగ్ మిషను దగ్గర ఇవే పెట్టుకుని చెవులు భద్రమనుకునే కుర్రాళ్లున్నారు. అక్కడికి ఇయర్‌ప్లగ్గులో, ఇయర్‌మఫ్‌లో యజమానే ఇవ్వాలి.

– ఒక గ్రానైట్ యూనిట్ ఉద్యోగి, మార్టూరు, బాపట్ల జిల్లా