ఇంట్లో రోగి, దూరాన వైద్యుడు

ఈ శీర్షికలో సాధారణంగా కర్మాగారంలోని యంత్రాలను గురించి ముచ్చటించుకుంటాము. ఈసారి వేలికి తొడిగే ఒక చిన్న పరికరాన్ని గురించి, నేను చేసిన ఒక పొరపాటును గురించి విన్నవించదలచాను.

2021 మే మాసం. కోవిడ్ రెండవ విజృంభణలో కలకత్తా ఆసుపత్రులలో పడక దొరకడం దుర్లభంగా ఉండేది. నా శ్రీమతికి జ్వరం సోకగా, ఇంట్లోనే ఒక గదిలో వేరుగా ఉంచి, ఫోనులో వైద్యుని సలహాపై చికిత్స సాగించాము. ఆక్సీమీటరు రీడింగులను నాలుగు గంటలకొకసారి పట్టికలో నేనే నమోదు చేసేవాడిని. 97, 96, 95. అయిదవనాటి రాత్రి 92 వచ్చింది. వేలు చల్లబడి ఉంటుందని సరిపెట్టుకొని, అంకె వ్రాసి నిద్రపోయాను. తెల్లవారి మా అమ్మాయి పట్టిక చూసి, కంగారుగా డాక్టరుగారికి ఫోను చేసింది. అదృష్టవశాత్తు ఆక్సిజన్ సకాలంలో అందింది.

జపాను ఇంజినీరు తకువో అవొయాగి 1970 దశకంలో కనుగొన్న సూత్రంపై ఈ పరికరం పనిచేస్తుంది. ఎర్రని కాంతిని, కంటికి కనబడని పరారుణ కాంతిని వేలిగుండా పంపి, రక్తంలోని ప్రాణవాయువును అంచనా కడుతుంది. చల్లని వేలు, గోళ్ళరంగు రీడింగును తప్పించగలవు, నిజమే. అయితే వేలు వెచ్చచేసి మళ్ళీ చూడాలి, ఉపేక్షించరాదు. కోవిడ్‌లో ఆయాసం తెలియకుండానే ప్రాణవాయువు తగ్గిపోవచ్చు.

అంటువ్యాధిగ్రస్తులను ఇంటివద్దనే కనిపెట్టి చూడడం మనకు కొత్త కాదు. 1956లో మద్రాసులో ప్రారంభమైన క్షయ చికిత్సా పరిశోధనలో కొందరు రోగులకు శానిటోరియంలోను, కొందరికి ఇంట్లోను మందులిచ్చారు. ఇంటి చికిత్స దాదాపు అంత ఫలితమూ ఇచ్చిందని 1959లో వెల్లడైంది. అక్కడ సిబ్బంది ఇళ్ళకు వెళ్ళి మాత్రలు లెక్కించేవారు. మందు మానినవారిని విడువక కలుసుకునేవారు. పరికరాలు స్వల్పమే, పట్టించుకునే మనుషులు మాత్రం ఉన్నారు.

అలారం మోగితే ఆపరేటరు ఏమి చేయవలెనో కంట్రోల్ రూము గోడపై ముప్పై ఏండ్లుగా వ్రాయించిన నేను, ఇంట్లో ఆ పని చేయలేదు. కనుక సోదర ఉద్యోగులకు నా మనవి: రోగి గది తలుపుకు ఒక కాగితం అంటించండి. ఏ అంకె దాటితే ప్రమాదమో, ఎవరు, ఎవరికి, ఏ నంబరుకు ఫోను చేయాలో వైద్యుని అడిగి ముందే వ్రాసి ఉంచండి. అర్ధరాత్రి అయినా సంకోచించకండి. పట్టికలో వ్రాసినంత మాత్రాన రోగిని చూసినట్లు కాదు.